చెన్నై నుంచి విదేశాలకు వెళ్లేవారు రెండు సమయాల వాచీని వాడే విధానం

విదేశంలో పది రోజులున్నా పది నెలలున్నా మనకు రెండు సమయాలు కావాలి. ఒకటి కాలు మోపిన ఊరి సమయం, రెండోది ఇంటి సమయం. ఫోన్‌లో రెండూ కనిపిస్తాయి కదా అనేవారి మాటను నేను కాదనను. అయితే విమానంలో ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెడతాము, దిగిన తరువాత అక్కడి నెట్‌వర్క్ అందేదాకా అది పాత సమయాన్నే చూపించవచ్చు, గేటు వెతుక్కుంటూ పెట్టె లాక్కుంటూ నడిచేటప్పుడు దాన్ని బయటికి తీసి చూసే వీలు అన్నిసార్లూ ఉండదు. మణికట్టు మీద ఉన్న వాచీకి ఈ ఇబ్బందులు లేవు. ఒకే డయల్ మీద రెండు సమయాలు చూపించే వాచీ ఉంటే సౌకర్యం ఇంకా ఎక్కువ. కానీ దాన్ని సరిగా అమర్చుకోకపోతే ఒక సమయమున్న మామూలు వాచీ కంటే అదే ఎక్కువ తికమక పెడుతుంది. భారతదేశం నుంచి వెళ్లే మనకు ఒక అరగంట చిక్కు అదనంగా ఉంది, వాచీతో పాటు ఇచ్చే పుస్తకాల్లో దాని గురించి ఒక్క వాక్యం కూడా నాకు ఎప్పుడూ కనిపించలేదు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ అరగంట కోసమే రాస్తున్నాను.

మా అమ్మ వెస్ట్ మాంబళంలో ఉంటుంది. మా పెద్దమ్మాయి డాలస్‌లో ఉంటుంది. మొదటిసారి నేను డాలస్ వెళ్లినప్పుడు, తేడాను కలపవలసిన చోట తీసివేసి, అక్కడ సాయంత్రం నాలుగు గంటలకు అమ్మకు ఫోన్ చేశాను. చెన్నైలో అప్పుడు తెల్లవారుజామున రెండున్నర. అర్ధరాత్రి దాటాక ఫోన్ మోగితే ఎనభై ఏళ్ల మనిషికి ఏమనిపిస్తుందో ఆమె గొంతులో విన్నాను. "ఏమైందిరా?" అని ఆమె మూడుసార్లు అడిగింది, నేను చెప్పిన జవాబు ఆమె చెవికి ఎక్కడానికి చాలాసేపు పట్టింది. ఆ తరువాతి ప్రయాణానికి ముందే రెండు సమయాల వాచీ కొనుక్కున్నాను.

అరగంట ఎక్కడ నుంచి వచ్చింది

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే గంటకు 15 డిగ్రీలు. మన దేశానికి ప్రామాణికంగా తీసుకున్న రేఖాంశం తూర్పున 82.5 డిగ్రీలు. ఈ రేఖ ఉత్తరాన మీర్జాపూర్ దగ్గర నుంచి, మన తెలుగునాట కాకినాడకు సమీపం నుంచి వెళుతుంది. 82.5ను 15తో భాగిస్తే అయిదున్నర వస్తుంది కనుక సున్నా రేఖాంశం మీదున్న లండన్‌లోని గ్రీనిచ్ కంటే మనం అయిదున్నర గంటలు ముందున్నాము. ఈ ఏర్పాటు 1906 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందు మన రైళ్లు మద్రాసు సమయాన్ని అనుసరించేవి. అది గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందు. ఆ సమయాన్ని లెక్కగట్టిన మద్రాసు అబ్జర్వేటరీ నుంగంబాకంలో ఉండేది, ఇప్పుడు అక్కడ వాతావరణ శాఖ కార్యాలయం ఉంది. దూరదర్శినిని నిలబెట్టడానికి 1792లో వాడిన నల్లరాతి స్తంభం ఆ ఆవరణలో ఇప్పటికీ ఉంది, దాని మీద చెక్కిన మాటల్లో తెలుగు కూడా ఉంది. కాలాన్ని కొలవడం మన భాషలో రాతికెక్కిన చోటు కనుక చెన్నైలోని తెలుగువారు దాన్ని ఒకసారి తప్పక తలచుకోవాలని నా కోరిక.

ప్రపంచంలోని చాలా దేశాలు గ్రీనిచ్ నుంచి పూర్తి గంటల తేడాలోనే ఉన్నాయి. సింగపూర్, మలేసియా ఎనిమిది గంటలు ముందు, దుబాయి నాలుగు గంటలు ముందు, ఖతార్, కువైట్ మూడు గంటలు ముందు, జర్మనీ చలికాలంలో ఒక గంట ముందు. వీటిలో ఏ ఊరికి వెళ్లినా మన నిమిషాల ముల్లుకూ వారి నిమిషాల ముల్లుకూ మధ్య అరగంట ఎడం ఉంటుంది. మన పంచాంగం లెక్కలో గడియ అంటే 24 నిమిషాలు, కాబట్టి అది ఒకటింపావు గడియ. శ్రీలంకకు మనతో తేడాయే లేదు. మయన్మార్ మనకంటే సరిగ్గా గంట ముందు, ఆస్ట్రేలియాలోని డార్విన్ సరిగ్గా నాలుగు గంటలు ముందు. అటువైపు వెళ్లేవారికి ఈ చిక్కు ఎదురుకాదు.

ఏ రకం వాచీ ఎలా పనిచేస్తుంది

బజారులో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. మొదటి రకంలో పెద్ద డయల్ లోపల ఒక చిన్న డయల్ ఉంటుంది, దానికి విడిగా గంటల ముల్లు, నిమిషాల ముల్లు ఉంటాయి. లోపల రెండు క్వార్ట్జ్ యంత్రాలు, పక్కన రెండు కీలు. ఒకదాని మీద ఒకటి ఏ విధంగానూ ఆధారపడవు కనుక అరగంట తేడా అయినా, నేపాల్‌తో ఉన్న పావుగంట తేడా అయినా ఇబ్బంది లేకుండా పెట్టుకోవచ్చు. చెన్నై నుంచి వెళ్లేవారు మొదటిసారి కొనుక్కుంటే దీన్నే కొనమంటాను. ధర తక్కువ, తప్పు జరిగే అవకాశం ఇంకా తక్కువ. ఒక్క లోపమేమిటంటే చిన్న డయల్‌లో సాధారణంగా 12 అంకెలే ఉంటాయి కాబట్టి అది పగలా రాత్రా అన్నది తెలియదు. పగలు, రాత్రి సూచించే గుర్తు ఉన్న వాచీ దొరికితే దాన్ని ఎంచుకోండి.

రెండో రకం డిజిటల్ వాచీ. క్యాసియో ఏఈ-1200 వంటి వాటిలో 48 నగరాల సమయాలుంటాయి. మనకు ఢిల్లీని సూచించే డీఈఎల్ అనే గుర్తును ఎంచుకోవాలి, చెన్నైకి విడిగా గుర్తు లేదు. అరగంట లెక్కను అదే చూసుకుంటుంది. కానీ వేసవి సమయాన్ని (కొన్ని దేశాల్లో వేసవిలో గడియారాలను గంట ముందుకు జరిపే ఏర్పాటును) మాత్రం ఆయా నగరానికి మనమే ఆన్ చేయాలి, ఆఫ్ చేయాలి.

మూడోది జీఎంటీ వాచీ, జీఎంటీ అంటే గ్రీనిచ్ మీన్ టైమ్. మామూలు గంటల ముల్లుతో పాటు రోజుకు ఒక్కసారే చుట్టు తిరిగే ఇంకో ముల్లు, దాన్ని చదవడానికి అంచున 24 అంకెల చక్రం ఇందులో ఉంటాయి. ఆ అంచు చక్రాన్ని బెజెల్ అంటారు. 1950ల మధ్యలో పాన్ అమెరికన్ విమానాల పైలట్ల కోసం రోలెక్స్ చేసిన జీఎంటీ మాస్టర్‌తో ఈ రూపం పేరుపొందింది. పైలట్లకు కావలసింది గ్రీనిచ్ సమయం, దిగిన చోటి సమయం. వారు ఎక్కువగా తిరిగే చోట్ల ఆ రెండింటి మధ్య పూర్తి గంటల తేడాయే ఉండేది, అందువల్ల రెండు సమయాలకూ ఒకే నిమిషాల ముల్లు సరిపోయింది. మనకు సరిపోదు. అందమైన వాచీ, గట్టి వాచీ, నేను కట్టుకునేది కూడా ఇదే. కానీ మన ప్రయాణానికి దీన్ని అమర్చుకోవడంలో ఒక పద్ధతి ఉంది, మిగిలిన వ్యాసం ఎక్కువగా దాని గురించే.

జీఎంటీలో రెండు తెగలున్నాయి, కొనేముందే మీది ఏదో తెలుసుకోండి. కీని ఒక మెట్టు బయటికి లాగి తిప్పినప్పుడు 24 గంటల ముల్లు గంట గంటకూ గెంతితే దాన్ని కాలర్ జీఎంటీ అంటారు. సీకో 5 స్పోర్ట్స్ జీఎంటీ ఇటువంటిది. అదే మెట్టులో 24 గంటల ముల్లు కదలకుండా మామూలు గంటల ముల్లు గెంతితే అది ఫ్లయర్ జీఎంటీ. రెండింటిలోనూ కీని రెండో మెట్టుకు లాగితే నిమిషాల ముల్లు కదులుతుంది, దానితో పాటే తక్కిన ముళ్లన్నీ కదులుతాయి.

అమర్చే విధానం

ముందుగా ఒక నిర్ణయం తీసుకుని దాన్ని ఎప్పటికీ మార్చకండి. పెద్ద ముళ్లు నేను ఉన్న చోటి సమయం, 24 గంటల ముల్లు ఇంటి సమయం. ఈ పాత్రలను ప్రయాణానికొక రకంగా మార్చుకున్నవారే గేట్ల దగ్గర పొరబడతారు. గల్ఫ్‌లోని ఒక విమానాశ్రయంలో నేనే ఆ పొరపాటు చేశాను. అక్కడ ఉండేది మూడు గంటలే కదా అని పెద్ద ముళ్లను చెన్నై సమయంలోనే ఉంచి, మనసులో లెక్క కట్టుకుంటూ కూర్చున్నాను. బోర్డింగ్ పాస్ మీద ఉన్నది ఆ ఊరి సమయం. లెక్క ఒకసారి తప్పింది, గేటు మూసే వేళకు పరుగున చేరుకున్నాను. విమానం మారే ఊళ్లో గంటన్నరే ఉన్నా సరే, పెద్ద ముళ్లను ఆ ఊరి సమయానికి మార్చండి. టికెట్ మీద బయలుదేరే సమయం బయలుదేరే ఊరిది, చేరే సమయం చేరే ఊరిది. ఉదాహరణకు చెన్నైలో రాత్రి 11:15కు బయలుదేరి సింగపూర్‌కు ఉదయం 6:05కు చేరుతుందని రాసి ఉంటే ప్రయాణం ఏడు గంటలు కాదు, 4 గంటల 20 నిమిషాలు.

కాలర్ జీఎంటీ ఉన్నవారు ముందు కీని రెండో మెట్టుకు లాగి పెద్ద ముళ్లను చేరబోయే ఊరి సమయానికి పెట్టాలి, ఆ తరువాతే మొదటి మెట్టుకు తెచ్చి 24 గంటల ముల్లును సరిచేయాలి. ఈ వరుస తిరగేస్తే మొదట సరిచేసిన 24 గంటల ముల్లు రెండో పనిలో మళ్లీ జరిగిపోతుంది. 24 గంటల ముల్లు గంట గంటకే గెంతుతుంది కనుక అరగంట దగ్గర ఆగదు. సింగపూర్‌లో మధ్యాహ్నం 3:10 అయినప్పుడు చెన్నైలో 12:40. ముల్లు 12:10 దగ్గరైనా నిలుస్తుంది, 1:10 దగ్గరైనా నిలుస్తుంది. దాన్ని ఎప్పుడూ వెనుక ఉన్న చోటే, అంటే 12:10 దగ్గరే నిలపండి. అప్పుడు 24 గంటల ముల్లు చూపేదానికి అరగంట కలిపితే చెన్నై సమయం వస్తుంది. దుబాయి అయినా లండన్ అయినా న్యూయార్క్ అయినా ఇదే సూత్రం. కొన్ని ఊళ్లకు కలుపుతూ కొన్నింటికి తీసివేస్తూ ఉంటే అలసిపోయిన మెదడు తడబడుతుంది, అందుకే కలపడం ఒక్కటే అలవాటు చేసుకోమంటున్నాను.

ఆ కలపడం కూడా వద్దనుకుంటే బెజెల్ ఉపాయం ఉంది. తిరిగే బెజెల్ ఉన్న వాచీలో దాన్ని అరగంట మేరకు ఎడమవైపుకు, అంటే గడియారం తిరిగే దిశకు ఎదురుగా జరిపితే ముల్లు నేరుగా చెన్నై సమయాన్నే చూపుతుంది. 24 గంటల చక్రంలో అరగంట అంటే ఏడున్నర డిగ్రీలు మాత్రమే, అంటే రెండు అంకెల మధ్య దూరంలో సగం. ఇక్కడ కొనేటప్పుడే చూడవలసిన విషయం ఒకటుంది. చుట్టూ 24 టిక్కులే ఉన్న బెజెల్ గంట దగ్గరే ఆగుతుంది, 48 టిక్కులున్నది అరగంట దగ్గర కూడా ఆగుతుంది. టిక్కులే లేకుండా మెత్తగా తిరిగేదైతే ఎక్కడైనా నిలుపుకోవచ్చు. దుకాణంలో నిలబడి ఒక పూర్తి చుట్టు తిప్పి టిక్కులు లెక్కపెట్టడానికి మొహమాటపడకండి.

ఫ్లయర్ జీఎంటీ పేరు గొప్పది, ధర కూడా ఎక్కువే, కానీ మనకు దాని సౌకర్యం మొదటి అడుగులో దక్కదు. చెన్నైలో అన్ని ముళ్లూ సరిగా ఉండగా సింగపూర్‌కు గంటల ముల్లును ఎన్ని గెంతులు గెంతించినా నిమిషాలు అరగంట తేడాగానే ఉంటాయి. అందువల్ల ముందు వాచీ మొత్తాన్ని అరగంట వెనక్కి తేవాలి. ఇందుకు నేను చేసే పని చెబుతాను. మన విదేశీ విమానాల్లో చాలావరకు అర్ధరాత్రి ప్రాంతంలో బయలుదేరతాయి, ఆ వేళలో ముళ్లను వెనక్కి తిప్పడం యంత్రానికి మంచిది కాదు. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున మూడు దాకా తేదీని మార్చే పళ్లచక్రాలు పట్టులో ఉంటాయి, అప్పుడు తేదీని మార్చడం, ముళ్లను వెనక్కి తిప్పడం చేయకూడదు. కాబట్టి సీటులో కూర్చుని బెల్టు పెట్టుకున్న తరువాత కీని రెండో మెట్టుకు లాగి వాచీని ఆపేస్తాను. ఫోన్‌లో చూసుకుని సరిగ్గా అరగంట తరువాత కీని లోపలికి నొక్కుతాను. ఏ ముల్లునూ తిప్పకుండానే వాచీ అరగంట వెనక్కి వస్తుంది. కీ లాగితే సెకన్ల ముల్లు ఆగే వాచీల్లోనే ఇది సాధ్యం, నేటి జీఎంటీల్లో చాలావరకు అలాంటివే. ఆపైన తిరిగి ఇంటికి వచ్చేదాకా దుబాయి, లండన్, డాలస్ ఏ ఊరైనా గంటల ముల్లును గెంతిస్తే చాలు, నిమిషాలు తప్పవు, సెకన్లు తప్పవు. చెన్నైకి ముప్పై నిమిషాలు కలపాలన్న సూత్రం దీనికీ వర్తిస్తుంది.

మార్చే పనిని ఇంట్లోగానీ సెక్యూరిటీ వరుసలోగానీ చేయవద్దు. మీనంబాకం విమానాశ్రయంలో ఉన్నంతసేపూ మీ పనులన్నీ చెన్నై సమయంతోనే. విమానం తలుపు మూసిన తరువాత మార్చండి. మరతో బిగించే కీ ఉన్న వాచీ అయితే పని ముగియగానే లోపలికి నొక్కి పూర్తిగా బిగించడం మరచిపోకండి. కీ వదులుగా ఉంటే సింగపూర్ వాన కూడా లోపలికి చేరుతుంది.

తేదీ, వేసవి సమయం

24 గంటల ముల్లు విలువ ఇక్కడే తెలుస్తుంది. అమెరికా, ఐరోపా, గల్ఫ్ వంటి మనకు పడమరనున్న దేశాల్లో ఉన్నప్పుడు, ఇంటి సమయపు అంకె స్థానిక సమయపు అంకె కంటే చిన్నదైతే ఇంటి దగ్గర మరుసటి రోజు వచ్చేసిందని అర్థం. రెండింటినీ 24 గంటల లెక్కలోనే పోల్చాలి. వేసవిలో డాలస్‌లో శనివారం రాత్రి 7 గంటలు, అంటే 19, అయినప్పుడు చెన్నైలో ఉదయం 5:30. ఐదు పంతొమ్మిది కంటే చిన్నది, కనుక చెన్నైలో ఆదివారం. సింగపూర్, ఆస్ట్రేలియా వంటి తూర్పు దేశాల్లో దీనికి ఎదురు. ఇంటి అంకె పెద్దదైతే ఇంటి దగ్గర ఇంకా ముందురోజే నడుస్తోంది. పుట్టినరోజులకు, తద్దినాలకు, పిల్లల పరీక్షలకు ఫోన్ చేయవలసినవారికి ఈ లెక్క చాలా అవసరం.

వేసవి సమయం మన దేశంలో లేదు కాబట్టి మనవారికి అది అలవాటు లేని సంగతి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలను గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరుపుతారు. ఐరోపాలో అవి మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. 2026లో అమెరికాకు మార్చి 8, నవంబరు 1. ఐరోపాకు మార్చి 29, అక్టోబరు 25. చలికాలంలో డాలస్‌కూ చెన్నైకీ తేడా పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర. అరిజోనాలో చాలా ప్రాంతాలు ఈ మార్పు చేయవు, సింగపూర్, దుబాయిల్లో ఇది లేదు. మార్పు రోజున జరపవలసింది స్థానిక ముల్లును మాత్రమే. ఫ్లయర్‌లో ఒక్క గెంతుతో పని అయిపోతుంది. కాలర్‌లో పెద్ద ముళ్లు జరిపి, వాటితో జరిగిన 24 గంటల ముల్లును మళ్లీ యథాస్థానానికి తేవాలి.

రోజూ మందులు వేసుకునేవారు బయలుదేరే ముందే వైద్యుణ్ణి అడిగి, అక్కడ ఏ సమయానికి వేసుకోవాలో రాయించుకోవాలి. ఇన్సులిన్ వాడేవారైతే తప్పనిసరిగా అడగాలి. ప్రయాణపు రోజున ముందటి మోతాదు వేసుకుని ఎన్ని గంటలైందో చూసుకోవడానికి కదపకుండా ఉంచిన ఇంటి ముల్లే నమ్మదగినది.

రెండు సమయాల వాచీ లేనివారు లండన్ వెళుతుంటే ఒక పాత ఉపాయం ఉంది. మా నాన్నగారి హెచ్‌ఎంటీ వాచీతో నేను చూశాను. చెన్నై సమయంలో ఉన్న ముళ్ల వాచీని తలకిందులుగా తిప్పి చూస్తే చలికాలపు లండన్ సమయం కనిపిస్తుంది. చెన్నైలో రాత్రి 8:30 అయినప్పుడు తిప్పి చూడండి, నిమిషాల ముల్లు పైకి, పన్నెండు ఉండవలసిన చోటికి వస్తుంది, గంటల ముల్లు రెండుకూ మూడుకూ మధ్యన ఉంటుంది. లండన్‌లో మూడు. గంటల ముల్లు రెండు అంకెలకు సరిగ్గా మధ్యలో ఉంటే తరువాతి అంకెను, లేకపోతే దానికి దగ్గరున్న అంకెను తీసుకోవాలి, వేసవిలో ఇంకొక గంట కలపాలి.

తిరిగి వచ్చిన తరువాత

చెన్నైలో దిగేటప్పుడు పెద్ద ముళ్లను మన సమయానికి తెచ్చి, తేదీ సరిచూసుకోండి. బెజెల్ జరిపి ఉంటే మళ్లీ యథాస్థానానికి తీసుకురండి. ఇప్పుడు 24 గంటల ముల్లుకు ఇంట్లో పని లేదు కనుక దాన్ని అమ్మాయి ఉన్న ఊరికి ఇచ్చేయవచ్చు. డాలస్‌కు వేసవిలో ముల్లును మనకంటే పదకొండు గంటలు వెనక్కి పెడితే అదే సూత్రం, ముప్పై నిమిషాలు కలపాలి. కాలర్‌లో ఇది మొదటి మెట్టులో కొద్ది గెంతుల పని. ఫ్లయర్‌లో ముందు రెండో మెట్టులో అన్నిటినీ తిప్పి 24 గంటల ముల్లును అక్కడికి చేర్చి, తరువాత మొదటి మెట్టులో గంటల ముల్లును మన సమయానికి గెంతించాలి. చెన్నైలో సాయంత్రం ఏడు గంటలకు 24 గంటల ముల్లు ఎనిమిది దగ్గర ఉంటుంది, అరగంట కలిపితే డాలస్‌లో ఉదయం ఎనిమిదిన్నర. మా అమ్మాయి ఆఫీసుకు బయలుదేరేది ఆ వేళకే, అమ్మ దీపం పెట్టి ఫోన్ దగ్గర కూర్చునేది కూడా అప్పుడే.